హస్తవాసి: కొత్త డాక్టరును వెతుక్కోవడం గురించి ఒక రోగి మాట



తెనాలిలో డాక్టరు గారి పేరిట జరిగే ఈ స్మారకసభలో గత రెండేళ్లూ మాట్లాడినవారు డాక్టర్లు. ఈ ఏడాది నిర్వాహకులు మా ఇంటికొచ్చి "మాస్టారూ, ఈసారి మీరు మాట్లాడాలి" అన్నప్పుడు ఇల్లు తప్పి వచ్చారేమో అనుకున్నాను. ముప్ఫై నాలుగేళ్లు హైస్కూల్లో తెలుగు చెప్పినవాణ్ని. వైద్యంతో నాకున్న సంబంధమంతా బల్లకు ఇవతలి కుర్చీలోదే. ఆ మాటే వాళ్లతో అన్నాను. "ఆ కుర్చీలోంచే మాట్లాడండి" అన్నారు. కాదనలేకపోయాను.

డాక్టరు గారి పేరు ఆహ్వానపత్రిక మీద అచ్చయి ఉంది. నేను పలకను. ఈ ఊళ్లో ఎవరూ ఆయన్ని పేరుతో పిలవలేదు. మిగతా డాక్టర్ల గురించి చెప్పాలంటే ఇంటిపేరో, సందు పేరో తగిలించాలి. ఉత్త "డాక్టరు గారు" అంటే ఆయనొక్కరే. గుంటూరు మెడికల్ కాలేజీలో చదువుకొని వచ్చి, నలభై ఏళ్లకు పైగా ఒకే వీధిలో, ఒకే మేడ కింద గదిలో కూర్చుని మా నాన్నకూ, నాకూ, నా పిల్లలకూ నాడి చూశారు. ఆయన పోయిన నెల తిరక్కుండానే ఊళ్లో ఎన్నో ఇళ్లలో ఒకే మాట వినబడింది. కాస్త సిగ్గుపడుతూ, గొంతు తగ్గించి ఒకరినొకరు అడిగిన మాట: "మరి ఇక ఎవరికి చూపించుకుందాం?"

ఈ రోజు నా ఉపన్యాసం ఆ ప్రశ్న మీదే. స్మారకసభలో అడగవలసిన ప్రశ్న ఇదా అని కొందరికి అనిపించవచ్చు. ఆయన చివరి రోజుల్లో నాకు ఒక కవరు ఇచ్చారు. దాని సంగతి చివర చెబుతాను. అది విన్నాక ఈ ప్రశ్న తగునో తగదో మీరే తేల్చండి.

చేతిలో ఏముంది?

తెలుగువాళ్లు డాక్టరుకు ఇచ్చే అతి పెద్ద బిరుదు ఏ విశ్వవిద్యాలయం పట్టాలోనూ ఉండదు. "ఆయన హస్తవాసి మంచిది" అంటారు. ఆ మాట పడితే ఇక ఆ గుమ్మం ముందు చెప్పులు పట్టవు. తెలుగు పండితుణ్ని కనుక మాట మీద కాసేపు నిలుస్తాను. వాసి అంటే మేలు, గుణం, నాణ్యం. రాశి కన్నా వాసి మిన్న అంటాం కదా, ఆ వాసి. హస్తవాసి అంటే చేతిలోని మేలిమి. కానీ వాడుకలో మనం దాన్ని అదృష్టం కింద మార్చేశాం. ఆయన చెయ్యి తగిలితే చాలు తగ్గిపోతుందట, అంతే, ఎందుకని అడక్కూడదు.

అడగాలని నా మనవి. అదృష్టమైతే దాన్ని వెతకలేం, ఎవరికో తగిలిందని విని వెంటపడాలి. మనం చేస్తున్నదీ అదే. వియ్యపురాలికి మోకాళ్ల నొప్పి తగ్గిందని మన గుండెదడకు అదే డాక్టరు దగ్గరికి పోతాం. గుమ్మం ముందు జనాన్ని లెక్కపెడతాం. అది రాశి. ఆసుపత్రి అద్దాల మేడను చూస్తాం. ఈ కాలం పిల్లలైతే ఫోనులో చుక్కలు లెక్కపెడతారు. ఆ చుక్కలు ఎక్కువగా చెప్పేది స్కూటరు పెట్టుకోను చోటుందా, టోకెన్ రాసే అమ్మాయి విసుక్కుందా అన్న సంగతి. అవీ కావలసినవే. వైద్యం ఎలా ఉందో వాటిలో కొంచెమే తెలుస్తుంది.

ఈ అవస్థ నేటిది కాదు. చరక సంహితలో, సూత్రస్థానంలో వైద్యులను మూడు రకాలుగా చెప్పారు. మొదటివాడు ఛద్మచరుడు, అంటే వేషధారి. మందుల పాత్రలు, పుస్తకాలు, వనమూలికలు చుట్టూ పేర్చుకుని వైద్యుడిలా కనబడేవాడు. రెండోవాడు సిద్ధసాధితుడు. పేరున్నవాళ్ల పేరు చెప్పుకుని, వాళ్లతో తనకు చుట్టరికం ఉందన్నట్టు బతికేవాడు. మూడోవాడే నిజంగా వైద్యగుణాలున్నవాడు. వేషాన్ని చూసి, ఎరువు తెచ్చుకున్న కీర్తిని చూసి జనం మోసపోతారని అంత వెనకటి కాలంలోనే గమనించారన్నమాట. ఈనాడు పాత్రల చోట మెషీన్లు వచ్చాయి, చుట్టరికం చోట ఫ్లెక్సీ మీద సినిమా హీరోతో ఫోటో వచ్చింది.

అదే గ్రంథం మంచి వైద్యుడికి నాలుగు గుణాలు చెప్పింది. శాస్త్రం స్పష్టంగా తెలిసి ఉండటం, పని చాలాసార్లు కళ్లారా చూసి ఉండటం, చేతి నేర్పు, శుచి. నాలుగూ కంటికి, చెవికి అందేవే. హస్తవాసిని ఈ పద్ధతిలో విప్పి చూడవచ్చని నాకు ధైర్యం ఇచ్చింది ఈ జాబితానే.

బోర్డు చదవడం

గుంటూరు కొత్తపేటలో, విజయవాడ సూర్యారావుపేటలో, రాజమండ్రి దానవాయిపేటలో, నెల్లూరు పొగతోటలో తల ఎత్తి నడిస్తే ఆకాశం కనబడదు, బోర్డులే. ఆ బోర్డులు చదవడం మనం ఎవరమూ నేర్చుకోలేదు.

ఎంబీబీఎస్ అంటే నాలుగున్నరేళ్ల చదువు, ఏడాది హౌస్ సర్జన్సీ. దాని మీద మూడేళ్లు చదివితే ఎం.డి. లేదా ఎం.ఎస్. ఆ పైన ఇంకో మూడేళ్లు డి.ఎం., ఎం.సీహెచ్. డి.ఎన్.బి. కూడా స్పెషలిస్టు చదువే. ఇక్కడ ఒక మెలిక ఉంది. రష్యా, ఉక్రెయిన్, ఫిలిప్పీన్స్ లాంటి దేశాల్లో మన పిల్లలు పూర్తి చేసే ఎం.డి. అక్కడి మొదటి వైద్య డిగ్రీ, మన ఎంబీబీఎస్ లాంటిది. వాళ్లు ఇక్కడ పరీక్ష రాసి నెగ్గి రిజిస్టరయితే నిక్షేపంలాంటి డాక్టర్లే. మన ఎం.డి.తో కలిపి చదవకుండా ఉంటే చాలు. ఆ రెండక్షరాల పక్కన ఏ సబ్జెక్టు అని ఉందో చూడండి. ఏమీ లేకపోతే మర్యాదగా అడగండి.

డిగ్రీల కింద చిన్న అక్షరాల్లో ఒక నంబరు ఉండాలి, అది రిజిస్ట్రేషన్ నంబరు. 2002 నాటి వైద్యుల ప్రవర్తనా నియమావళి ప్రకారం దాన్ని క్లినిక్‌లో కనబడేలా పెట్టాలి, మందుల చీటీ మీద, రసీదు మీద కూడా వెయ్యాలి. మన రాష్ట్రంలో ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిల్, అటు తెలంగాణలో వాళ్ల కౌన్సిల్ ఆ నంబర్లు ఇస్తాయి. 2020లో పాత మెడికల్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా స్థానంలో వచ్చిన జాతీయ వైద్య కమిషన్ వెబ్‌సైటులో పేరు కొట్టి చూసుకోవచ్చు. ఇంట్లో పదో తరగతి చదివే పిల్ల ఉంటే అయిదు నిమిషాల పని. పెళ్లి సంబంధానికి మూడు తరాలు ఆరా తీసే మనం, కడుపు కోయించుకునే ముందు ఈ అయిదు నిమిషాలు పెట్టం.

ఈ సందర్భంలోనే ఒక మాటకు పట్టిన గతి చెప్పాలి. ఆర్‌ఎంపీ అంటే రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్, చట్టం భాషలో రిజిస్టరయిన డాక్టరు. మన పల్లెల్లో ఆర్‌ఎంపీ అంటే సరిగ్గా తిరగబడిన అర్థం: డిగ్రీ లేని, ఏ కౌన్సిల్ పుస్తకంలోనూ పేరు లేని వైద్యుడు. ఆయన్ని నేను ఎగతాళి చెయ్యను. అర్ధరాత్రి తలుపు కొడితే లేచి సైకిలెక్కింది ఆయనే. కానీ ఊరివాడు, మంచివాడు అన్నది ఒక సంగతి. స్టెరాయిడ్ సూదికీ యాంటీబయాటిక్‌కీ తేడా తెలిసినవాడు అన్నది ఇంకో సంగతి. మొదటిది చూసి రెండోది ఉందనుకోవడంలోనే ప్రమాదం ఉంది.

అలాగని అక్షరాలే సర్వస్వం అనుకోవద్దు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు దుస్తులు వేసుకున్నందుకు ఇంగ్లీషు ప్రొఫెసరు ఆగ్రహానికి గురై, ఎంబీబీఎస్‌కు బదులు దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టాతో బయటికొచ్చారు. ఆ పట్టాతో ఆయనకు మద్రాసు వైద్యశాఖలో ఉద్యోగం దొరకలేదు. ఆయనే తర్వాత అమెరికాలో ఫోలిక్ యాసిడ్, ఆరియోమైసిన్ వంటి మందులను ప్రపంచానికి ఇచ్చిన పరిశోధనలు నడిపించారు. బోర్డు చూసేది అర్హత లేనివాణ్ని ఏరివేయడానికి. ఉన్నవాళ్లలో ఎవరు మనకు తగినవారో తేలేది గది లోపల.

ముందు ఏ గది?

ఇంకో పొరపాటు మనం ఇంట్లోంచి బయల్దేరకముందే చేస్తాం. ఛాతీలో మంట అంటే గుండె డాక్టరు, తల తిరిగితే నరాల డాక్టరు, నడుం నొప్పి అంటే ఎముకల డాక్టరు. జబ్బేమిటో మనమే తేల్చేసి, దానికి తగిన స్పెషలిస్టును ఎంచుకుంటున్నాం. ఛాతీ మంట గ్యాసుదీ కావచ్చు, గుండెదీ కావచ్చు. తల తిరగడం చెవిలోంచీ రావచ్చు, వేసుకునే మాత్రలోంచీ రావచ్చు. ఏ తలుపు తట్టాలో చెప్పడమే వైద్యంలో కష్టమైన పని. దాన్ని మనం పక్కింటాయనకు అప్పగిస్తున్నాం.

కాబట్టి ముందు కావలసింది ఒళ్లంతటినీ ఒకటిగా చూసే డాక్టరు. మంచి ఎంబీబీఎస్ గానీ, జనరల్ మెడిసిన్ ఎం.డి. గానీ, ఫ్యామిలీ మెడిసిన్ చదివినవారు గానీ, ఇంటికి దగ్గర్లో ఉన్నవారు. పిల్లలు డాలస్‌లోనో బెంగళూరులోనో ఉండి ఇక్కడ ఇద్దరే మిగిలిన నాలాంటి ఇళ్లకు ఆ దగ్గర అన్నది మరీ ముఖ్యం. హైదరాబాదులో పేరుమోసిన ప్రొఫెసరు మన ఆదివారం రాత్రి జ్వరానికి అందరు. క్లినిక్ మూసి ఉన్నప్పుడు ఎవరికి ఫోన్ చెయ్యాలో మొదటి రోజే అడిగి రాసుకోండి. ఆడవాళ్లయితే, ఏ మాటైనా సంకోచం లేకుండా చెప్పుకోగల మనిషా కాదా అన్నది డిగ్రీతో సమానంగా తూచండి. చెప్పలేకపోయిన లక్షణానికి ఏ డాక్టరూ మందు రాయలేరు.

ఈ మాటలన్నీ తీరుబడి ఉన్న రోజుకు. గుండె నొప్పి, పక్షవాతం, ప్రమాదం లాంటి వేళ హస్తవాసి వెతుక్కుంటూ కూర్చోకూడదు. 108కి ఫోన్ చేసి సదుపాయాలున్న దగ్గరి ఆసుపత్రికి పోవడమే. అందుకే చిన్న జబ్బు ఉన్నప్పుడే, అసలు జబ్బు లేనప్పుడైనా సరే, ఒకసారి వెళ్లి డాక్టరును చూసి రమ్మంటాను. ఇల్లు కాలేటప్పుడు బావి తవ్వడం మనకు అలవాటైన పనే. ఒక్కసారి ముందే తవ్వుకుందాం.

సంచీ

ఇక గది లోపలికి. నా కథే చెబుతాను.

డాక్టరు గారు పోయాక మా అబ్బాయి పట్టుబట్టి నన్నొక పెద్ద ఆసుపత్రికి పంపాడు. డాక్టరు ముఖం చూడకముందే అయిదు పరీక్షలు అయ్యాయి. రెండు గంటలు కూర్చున్నాక లోపలికి పిలిచారు. ఆయన కంప్యూటరులో రిపోర్టులు చూశారు. బీపీ కాస్త ఎక్కువుందన్నారు. నేను వాక్యం మొదలుపెట్టాను, క్రియాపదం దాకా రాకముందే చీటీ ప్రింటయింది. ఆయన చెడ్డ డాక్టరని నేననను. బయట అరవై మంది ఉన్నారు, ఆయనకు ఉన్నది ఒక పూట. ఏ మాత్రలు వాడుతున్నారని ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. కొత్త మాత్ర మొదలుపెట్టాను. పాతది మానమని ఎవరూ అనలేదు కనుక అదీ వేసుకున్నాను.

నెల తిరిగేసరికి రెండు పాదాలూ వాచాయి. చెప్పులు పట్టలేదు. ఇంకొక డాక్టరు దగ్గరికి పోతే వాపుకని మూత్రం ఎక్కువ పోయే మాత్ర రాశారు. దాంతో రాత్రి నాలుగుసార్లు లేవడం, లేచినప్పుడల్లా కళ్లు తిరగడం. ఒక రాత్రి బాత్‌రూం గుమ్మంలో పడ్డాను. మా ఆవిడ హడలిపోయింది.

అప్పుడు స్టేషను వైపు కొత్తగా క్లినిక్ పెట్టిన ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. వయసులో నా చివరి బ్యాచి పిల్లలంత ఉంటుంది. నేను చెప్పిందంతా వింది. మధ్యలో ఒక్కసారే ఆపి, "వాపు ముందా, కళ్లు తిరగడం ముందా మాస్టారూ?" అని అడిగింది. పాదం మీద వేలితో నొక్కి చూసింది. పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూసింది. తర్వాత చీటీ రాయలేదు. "ఇంట్లో ఉన్న మాత్రలన్నీ సంచీలో వేసుకుని రేపు రండి. పాతవి, కొత్తవి, అప్పుడప్పుడు వేసుకునేవి, పసరు మందులతో సహా" అంది.

మర్నాడు సంచీ బల్ల మీద బోర్లించాం. ఆవిడ రెండు స్ట్రిప్పులు తీసి వెనక్కి తిప్పి పక్కపక్కన పెట్టింది. ముందు వైపు రెండు వేర్వేరు పేర్లు. వెనక చీమ తలకాయంత అక్షరాల్లో రెండింటి మీదా ఒకే మాట: అమ్లోడిపిన్. ఒకే మందును రెండు పేర్లతో నెల రోజులకు పైగా మింగాను. ఆ మందు మోతాదు ఎక్కువైతే పాదాలు వాయడం సాధారణమేనట. ఆ వాపును కొత్త జబ్బనుకుని దానికింకో మందు, ఆ మందు వల్ల కళ్లు తిరగడం. ఆవిడ ఒక స్ట్రిప్పు పక్కన పెట్టింది, వాపు మాత్ర ఆపింది, పది రోజుల్లో మళ్లీ రమ్మంది. కొత్తగా ఒక్క మందూ రాయలేదు. పక్షం రోజుల్లో నా చెప్పులు నాకు పట్టాయి. మీరు మాత్రం ఇది విని మీ మాత్రలు మీరే మానేయకండి. ఏది ఆపాలో చెప్పవలసింది వాళ్లే.

ఊళ్లో ఇప్పుడు ఆవిడ హస్తవాసి మంచిదంటున్నారు. ఆ చేతిలో ఏముందో నేను దగ్గర కూర్చుని చూశాను కనుక చెప్పగలను. ఆవిడ వినడం పూర్తయ్యేదాకా రాయడం మొదలుపెట్టలేదు. ఒంటి మీద చెయ్యి వేసి చూసింది. జబ్బేమిటని తాను అనుకుంటోందో మనకర్థమయ్యే తెలుగులో చెప్పింది. ఎన్ని రోజులు చూడాలో, ఈలోపు ఏం కనబడితే ఆగకుండా రావాలో చెప్పింది. చివర "ఎలా వేసుకుంటారో ఒకసారి మీరు చెప్పండి" అని మా ఆవిడ చేత అప్పజెప్పించుకుంది. ఉపాధ్యాయుణ్ని కదా, ఆ చివరిది చూసి ముచ్చటపడ్డాను. పాఠం అయ్యాక ప్రశ్న అడగనివాడు పాఠం చెప్పినట్టు కాదు.

ఇంకొకటి కూడా ఉంది. మా ఆవిడ చెవిలో హోరు గురించి అడిగితే, "నాకు స్పష్టంగా తెలియడం లేదమ్మా, చెవి డాక్టరుకు చూపిద్దాం" అంది. కొత్త డాక్టరు నోట ఆ మాట వినబడితే కుర్చీ లాక్కుని ఇంకాస్త దగ్గరగా కూర్చోండి. తన హద్దు తెలిసిన చెయ్యి అది.

రోగి కోరిన పాలు

ఇంతదాకా డాక్టరును తూచాం. ఇప్పుడు తక్కెడలో రెండో పళ్లెం.

రోగి కోరిందీ పాలే, వైద్యుడు ఇమ్మన్నదీ పాలే అని సామెత. ఇద్దరికీ సుఖమైన ఏర్పాటు. మన కాలంలో ఆ పాలు సెలైన్ సీసా రూపం ఎత్తాయి. నీరసంగా ఉందంటే "ఒక బాటిల్ ఎక్కించండి డాక్టరు గారూ" అని మనమే అడుగుతాం. లెక్క చూద్దాం. అయిదు శాతం గ్లూకోజు అరలీటరు సీసాలో ఉండేది పాతిక గ్రాముల గ్లూకోజు, సుమారు వంద కేలరీలు. ఉప్పు సెలైన్ అరలీటరులో నాలుగున్నర గ్రాముల ఉప్పు. వాంతులు, విరేచనాలతో ఒళ్లెండిపోయి నోటితో ఏదీ నిలవనివాడికి అది ప్రాణం. నడిచొచ్చి కుర్చీలో కూర్చుని బేరమాడగలిగినవాడికి ఒక గ్లాసు చక్కెర నీళ్లు, మీద సూదిపోటు.

డాక్టరు గారి దగ్గర ఒకనాడు నేను బల్ల మీద కూర్చుని ఉండగా ఒకాయన జలుబు చేసిన పిల్లవాణ్ని తీసుకొచ్చాడు. చూసి, ఇది దానంతటదే తగ్గుతుంది, ఆవిరి కూడా వద్దు, కాలుతుంది, గోరువెచ్చని నీళ్లు తాగించండి, ఊపిరి వేగంగా తీస్తున్నా పాలు మానేసినా వెంటనే తీసుకురండి అన్నారు. తండ్రి లేవలేదు. "సూది వెయ్యరా?" అన్నాడు. "అక్కర్లేదు." "పోనీ యాంటీబయాటిక్?" "వైరస్ జలుబుకు అది పని చెయ్యదు." తండ్రి ఫీజు బల్ల మీద పెట్టి, అన్యాయమైపోయినవాడిలా లేచి వెళ్లాడు. ఎదురు సందులో ఇంకొకరి దగ్గర సూది వేయించాడని సాయంత్రానికి తెలిసింది. పిల్లవాడికి నాలుగో రోజుకు తగ్గింది. హస్తవాసి ఆ ఎదురు సందు ఖాతాలో పడింది.

డాక్టరు గారు నవ్వి అన్నదొకటే. మందు రాసినందుకు డబ్బిస్తారు గానీ మందు వద్దని చెప్పినందుకు ఇవ్వబుద్ధి కాదు, ఆ రెండో మాట చెప్పడానికే ఎక్కువ చదువు కావాలి అని. కొత్త డాక్టరు దగ్గర మనం పెట్టుకోవలసిన పరీక్షల్లో దీన్నీ కలుపుకోండి. మనం అడిగినది వద్దన్నారా? ఎందుకు వద్దో చెప్పారా? రెండూ జరిగితే ఫీజు గిట్టింది.

డబ్బు మాట

ఇది అందరికీ తెలిసిందే గనక త్వరగా ముగిస్తాను. కేసు పంపినందుకు కమిషన్ ఇవ్వడం, పుచ్చుకోవడం ఇందాక చెప్పిన వైద్యుల నియమావళి నిషేధించింది. ఫలానా ల్యాబు, ఫలానా స్కాను సెంటరు తప్ప ఇంకోటి కుదరదంటే "ఎందుకండీ?" అని ఒక్కసారి అడగండి. ఆ ల్యాబు నాణ్యత మీద నమ్మకం అని నిజమైన జవాబూ రావచ్చు. మందులు జనరిక్ పేర్లతో, అర్థమయ్యే అక్షరాల్లో, వీలైతే పెద్దక్షరాల్లో రాయాలని 2016 సవరణ చెబుతోంది. నా రెండు స్ట్రిప్పుల కథ విన్నాక ఆ నియమం డబ్బు ఆదా కోసమే పెట్టింది కాదని మీకు తెలిసే ఉంటుంది. ఫీజు ఎంతో బోర్డు మీద ఉండాలి. ఆసుపత్రిలో చేరినవాళ్ల రికార్డులు మూడేళ్లు దాచాలి, మనం అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. ఇవన్నీ మన హక్కులు. దెబ్బలాడటానికి వాడనక్కర్లేదు. అడిగినప్పుడు ఆ గదిలో గాలి ఎలా మారుతుందో గమనిస్తే చాలు.

ఆపరేషన్ అంటే మాత్రం ఆగండి. ప్రాణం మీదికొచ్చిన వేళ కాకపోతే రెండో డాక్టరు మాట వినండి. చేస్తే ఏమిటి, చెయ్యకపోతే ఏమిటి, ఆగితే ఏమిటి, ఈ ఆపరేషన్ మీరు తరచుగా చేస్తుంటారా అని అడగండి. చరకుడు చెప్పిన పని చాలాసార్లు చూసి ఉండటం అన్న గుణం గురించిన ప్రశ్నే ఇది. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన పథకం కార్డు మీద వెళ్లేవారికీ ఈ ప్రశ్నలు అడిగే హక్కు ఉంది. బిల్లు ఎవరు కట్టినా ఒళ్లు మనదే. రెండో అభిప్రాయం అడిగితే మంచి సర్జన్ రిపోర్టులు తానే చేతికిస్తాడు. ముఖం ముడుచుకుంటే, అదీ మనకు తెలియవలసిన ఒక రిపోర్టే.

మరి డాక్టరును మార్చేది ఎప్పుడు? ప్రశ్న అడిగితే అవమానించినప్పుడు, ప్రతిసారీ కొత్త మందు కలుస్తూ పాతది ఒక్కటీ పోనప్పుడు, అదే జబ్బుకు మూడోసారి వెళ్లినా మొదటి రెండుసార్లు ఏం జరిగిందో ఎక్కడా రాసి లేనప్పుడు. మార్చకూడనిది ఎప్పుడు? రెండు రోజుల్లో తగ్గలేదని. బీపీ, చక్కెర లాంటివి ఏళ్ల తరబడి కాపురం చేసే జబ్బులు. నెలకొక డాక్టరును మారిస్తే ప్రతివాళ్లూ మొదటి పేజీయే చదువుతారు, కథ ఎవరికీ తెలియదు.

కవరు

ఇక కవరు సంగతి.

ఆయన ఆరోగ్యం పాడై క్లినిక్ మూసేసే ముందు, ఏళ్లుగా తన దగ్గరికి వస్తున్నవాళ్లను ఒక్కొక్కరినే పిలిపించుకున్నారు. నన్నూ పిలిచారు. కవరు చేతిలో పెట్టి, "జాగ్రత్తగా ఉంచుకోండి మాస్టారూ" అన్నారు. ఇంటికొచ్చి విప్పాను. ఆయన దస్తూరీలో ఒక పేజీ. కళ్లు తడిసి సగమే చదవగలిగాను. మడిచి, మా అమ్మ ఫోటో, నా రిటైర్మెంటు సన్మానపత్రం ఉన్న బీరువా అరలో దాచాను. ఆయన పోయాక దాన్ని ముట్టుకోవడానికి చెయ్యి రాలేదు.

డాక్టరమ్మ సంచీ అడిగిన రోజు మా ఆవిడ మాత్రల కోసం బీరువా కూడా వెతికి, ఆ కవరూ అందులో వేసిందట. స్ట్రిప్పులతో పాటు అదీ బల్ల మీద పడింది. డాక్టరమ్మ విప్పి చదివింది. నాకేవో సంవత్సరాలు, మందులు రాసి ఉన్నాయని గుర్తు. ఆవిడ మళ్లీ మొదటి నుంచి చదివింది. "ఇది మీకు ఎప్పుడిచ్చారు మాస్టారూ?" అంది. చెప్పాను. "ఇన్నాళ్లూ ఎందుకు దాచారు? ఇది మీకు రాసింది కాదు. నాకు రాసింది."

పేజీ నా వైపు తిప్పింది. పైన సంబోధన: గౌరవనీయులైన డాక్టరు గారికి. నేను గమనించనే లేదు. కింద నాకు ఏ ఏట ఏ జబ్బు చేసిందీ, ఏ మందు పడనిదీ, ఏ మాత్ర ఎందుకు ఎంత మోతాదులో ఇస్తున్నదీ. అమ్లోడిపిన్ అని పెద్దక్షరాల్లో రాసి, మోతాదు పెంచితే వీరికి పాదాలు వాస్తాయని పక్కనే ఉంది. చివర ఒక మాట: ఈయన బాధను తగ్గించి చెబుతారు, భార్యను కూడా అడగండి.

ఆ కాగితం మొదటి ఆసుపత్రిలో చూపించి ఉంటే వాపూ లేదు, వాపు మాత్రా లేదు, గుమ్మంలో పడటమూ లేదు. తప్పు ఆ డాక్టర్లది ఎంతో, నాదీ అంత.

చరక సంహిత వైద్యుడికి నాలుగు గుణాలు చెప్పిందన్నాను. రోగికీ నాలుగు చెప్పింది. అది ఇందాక కావాలనే దాచాను. గుర్తు పెట్టుకోవడం, చెప్పినట్టు నడవడం, భయపడకపోవడం, నాలుగోది జ్ఞాపకత్వం. తెలుగు చెవికి ఇది జ్ఞాపకశక్తిలా వినబడుతుంది. సంస్కృతంలో అర్థం తెలియజేయగలగడం, తన జబ్బు సంగతి వైద్యుడికి చెప్పగలగడం. నేను మొదటి అర్థం పట్టుకుని వేలాడాను. తెలియజేయమని ఇచ్చిన కాగితాన్ని జ్ఞాపకంగా బీరువాలో పెట్టుకున్నాను. ముప్ఫై నాలుగేళ్లు నానార్థాలు చెప్పిన పండితుడి సంగతి ఇది.

హస్తవాసి ఒక చేతిలో లేదని ఆ రోజు తెలిసింది. ఆ చెయ్యి పట్టుకోవలసినది మనం అందిస్తేనే దాని మేలిమి బయటపడుతుంది. మీలో కొందరి ఇళ్లలోనూ అలాంటి కవర్లు ఉన్నాయని నాకు తెలుసు. ఆయన పిలిపించుకున్నది నన్నొక్కణ్నే కాదు. ఇవాళ ఇంటికి వెళ్లగానే బీరువా తెరవండి, సంబోధన చదవండి. కవరు లేనివాళ్లు ఒక నోటు పుస్తకం కొని మొదటి పేజీ మీరే రాసుకోండి: ఏ జబ్బు, ఏ ఏడు, ఏ మందు, ఏది పడదు. అప్పుడు వెళ్లి డాక్టరును వెతుక్కోండి.

ఇప్పుడు సభ చివర నిర్వాహకులు నాకు శాలువా కప్పి జ్ఞాపిక ఇస్తారని ఆహ్వానపత్రికలో ఉంది. శాలువా తీసుకుంటాను. జ్ఞాపిక మాత్రం ఏదైనా కాగితమైతే, ఎవరికి రాసిందో ముందు చూసి గానీ బీరువాలో పెట్టను.